గుండుసూది తలంత చోటు

సోమవారం పదిగంటల టీ విరామంలో ఐరిస్ పీతల ఫ్యాక్టరీ భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల మీద తన మందుల పెట్టె తెరిచింది. మే నెల వచ్చినా ఆ ఉత్తరపు తీరపు పల్లె కేప్లిన్ కోవ్ నీళ్లలో ఇంకా మంచుపలకలు తేలుతూనే ఉన్నాయి. వాటి మీద ఎండ పడి గదిలో పైకప్పంతా వెలుగు చిందులేస్తోంది. ఈ ఊరికి నర్సుగా, లియాండర్‌కి పెళ్లాంగా వచ్చి పదకొండు వారాలే. ఆ వెలుగు ఆమెకింకా పాతబడలేదు.

ఆడవాళ్లు రబ్బరు బూట్లతో, తడి ఏప్రాన్లతో లోపలికొచ్చి, పసుపుపచ్చ చేతి తొడుగులు ఊడదీసి, వేడి కప్పుల చుట్టూ వేళ్లు ముడుచుకున్నారు. పీత పెంకు గుచ్చుకున్న బొటనవేలు ఒకరిది, ఉప్పునీళ్లకు ఒరుసుకుపోయిన మణికట్టు ఒకరిది. ఐరిస్ కడిగి, మందు రాసి, కట్టు కడుతోంది.

అందరికంటే చివర ఎఫీ వచ్చింది. ఆమె లియాండర్‌కి మేనత్త. యాభై రెండేళ్లుంటాయి. ఉడకబెట్టిన బంగాళాదుంపని ఉన్ని మేజోడులో పెట్టి, కుడిచేతి ఉంగరపు వేలిని దానికి ఆనించి పట్టుకుంది. విరామానికల్లా ఆ దుంప వెచ్చగా ఉండేలా పొద్దున్నే ఈ గదిలో పొయ్యి మీద పెట్టి పనికెళ్తుందని ఊరందరికీ తెలుసు.

"రాణీగారు దయచేశారు," అంది పెర్ల్, తన పక్క కుర్చీని బూటుతో ఇవతలికి జరుపుతూ. "కూర్చోమ్మా. మెత్త వెయ్యమంటావా?"

నవ్వులు లేచాయి. పెర్ల్ కూడా నవ్వి, ఆ నవ్వు దగ్గులోకి తిరగ్గానే మొహం అవతలికి తిప్పుకుంది.

"కుర్చీ ఎందుకే పెర్ల్, నీ చోటిస్తే చాలు కదా," అంది ఎఫీ.

పెర్ల్ నిలబడేది పీతల్ని ఉడికించే గంగాళం దగ్గర. మొత్తం షెడ్డులో వెచ్చగా ఉండే చోటు అదొక్కటే. ఎఫీది అవతలి కొస. ఉడికిన పీత కాళ్లు చల్లబడటానికి పడే ఉప్పు మంచునీళ్ల తొట్టి. అక్కడ చోట్లు ఎవరూ పంచరు. అమ్మ నిలబడ్డ చోట కూతురు నిలబడుతుంది, అంతే. పెర్ల్ వాళ్లమ్మ గంగాళం దగ్గర పనిచేసింది, ఎఫీ వాళ్లమ్మ తొట్టి దగ్గర. ఈ ఏడు సీజను మొదట్లో ఎఫీ చలికి వేలు నొప్పెడుతోందని, ఆ ఆచారం దాటి చోటు మార్చమని ఫోర్‌మన్‌ని అడిగింది. అప్పట్నుంచీ ఆమె రాణీగారే అయింది.

ఫోర్‌మన్ సెల్బీ గుమ్మంలోంచి గోడమీది నోటీసు బోర్డు చూపించాడు. షిఫ్టుల కాగితం పక్కన గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ.

"నన్నంటారేంటి? నర్సమ్మ రాసిందే నాకు లెక్క. చదవనా? 'వాపు లేదు, ఎరుపు లేదు. నొప్పిని పెంచి చెబుతున్నట్టుంది.' ఏప్రిల్ పదిహేడు. సంతకం నీదేగా, నర్సమ్మా?"

ఐరిస్ చేతిలో కత్తెర ఆగింది. ఆ చీటీ ఆమె రాసిందే. కొత్తగా వచ్చిన రోజుల్లో, బయట పదిమంది ఎదురుచూస్తుంటే, వేలు ఒకసారి వంచి చూసి రాసిచ్చింది. అది ఫోర్‌మన్‌కి చేరుతుందని తెలుసు. నెలరోజులుగా గోడకు వేలాడుతోందని మాత్రం తెలీదు.

"తీసెయ్యండి దాన్ని," అంది.

"ఉండనీ అమ్మాయ్," అంది ఎఫీ, కోపం లేకుండా. దుంపని రెండో వైపు తిప్పుకుంది. "శుక్రవారంతో అందరికీ హాయి. పెద్దాసుపత్రి డాక్టరు ఒప్పుకున్నాడు. ఈ వేలిని మొదటి కణుపు దాకా తీసేస్తాడు. మా నాన్నకి తీసినట్టే."

ఎవరూ నవ్వలేదు. పెర్ల్ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది.

*

సాయంకాలం లియాండర్ ముందు గదిలో పీతల బోను వల కుడుతున్నాడు. ఐరిస్ పులిసిన రొట్టెపిండిని బిళ్లలుగా ఒత్తి పందికొవ్వులో వేయిస్తోంది. మామూలుగా అయితే ఒక్కో బిళ్ల ఉబ్బి బంగారు రంగుకి తిరుగుతుంటే "ఇది చూడు, ఇది చూడు" అని పిలిచేది. ఇవాళ పిలవలేదు. లియాండరే సూది పక్కన పెట్టి వచ్చి, పెనంలోకి తొంగిచూసి, "ఇంత అందమైన టౌటన్ బిళ్లల్ని ఇంత దిగులుగా ఎవరూ వేయించి ఉండరు," అన్నాడు.

ఆమె చీటీ సంగతి చెప్పింది.

"మా అత్తది సీల్ వేలు, ఐరిస్. ఇక్కడ పిల్లాడినడిగినా చెప్తాడు. ఏటా వసంతంలో సీల్ జంతువుల ఈతరెక్కలు వలిచి కూర వండుతుందా? దాని కొవ్వు గోరు సందులోకి దిగి పట్టుకుంటుంది. తాతకీ అంతే. మంచుమీద సీల్ వేటకెళ్లినప్పుడు పట్టుకుంటే, ఓడలో డాక్టరు టక్కున తీసేశాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు తొమ్మిదిన్నర వేళ్లతో ఫిడేలు వాయించాడు, ఊరంతా గంతులేసింది."

"సీల్ వేలు వాస్తుంది కదా. కణుపు బిగుసుకుపోతుంది. అత్తకి మూడుసార్లు మందులిచ్చారు, నాకంటే ముందున్న నర్సు. ఏ మార్పూ లేదు. వాపు లేదు, ఏమీ లేదు."

"మరి ఏమీ లేకపోతే?"

ఐరిస్ చివరి బిళ్లని పళ్లెంలోకి తీసింది. లియాండర్ బిళ్లల మీద మొలాసిస్ పాకం పోసి, పొయ్యి పక్కన ఆరేసిన తన మేజోళ్లు తీసి ఆమె కాళ్లకి తొడిగాడు. ఒక దాని మడమ దగ్గర అల్లిక కాస్త వంకరగా ఉంది. వాళ్ల పెళ్లికి ఎఫీ అల్లి ఇచ్చినవే. ఉంగరపు వేలు నూలుకి తగలకుండా పైకెత్తి పట్టుకుని, చిటికెనవేలితో లాగి అల్లుతుంది కాబట్టి అక్కడక్కడ కుట్టు తప్పుతుందని ఐరిస్ అప్పుడే గమనించింది. గమనించి, ముచ్చటపడి, మర్చిపోయింది.

*

మంగళవారం ఎఫీకి పని లేదు. పడవలు మంచు అడ్డుపడి తిరిగి రాలేదు, ఉడికించడానికి పీతల్లేవు. మధ్యాహ్నం ఐరిస్ రొట్టె పెనం తిరిగిచ్చే వంకతో వాళ్లింటికి బయల్దేరింది. చీటీకి క్షమాపణ చెప్పాలనుకుంది. దారిపొడవునా ఆ మాటల్ని అటూ ఇటూ మారుస్తూ నడిచింది.

కట్టెల పేర్పు మలుపు దగ్గర ఆగిపోయింది. పెరట్లో ఎఫీ ఒక్కతే దుప్పట్లు ఆరేస్తోంది. మంచు మీంచి వచ్చే గాలికి తీగె ఊగిపోతోంది. ఉంగరపు వేలికి చిన్న ఉన్ని తొడుగు, పసిపిల్లల మేజోడు కొస కత్తిరించి చేసుకున్నది. దుప్పటి రెండు కొసల్నీ ఎడమచేత్తో, పళ్లతో పట్టుకుని క్లిప్పులు పెడుతోంది.

గాలి ఒక్క విసురు విసిరింది. తడి దుప్పటి కొస వచ్చి ఆ వేలి మీద కొట్టింది. గట్టిగా కాదు, చెంప నిమిరినంత.

ఎఫీ మోకాళ్ల మీదికి దిగిపోయింది. నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. చెయ్యిని చంకలో దాచుకుని, తీగె కట్టిన కొయ్యకి నుదురు ఆనించి, అలా ఉండిపోయింది. ఆమె భుజాలు ఒక లయలో కదలడం ఐరిస్‌కి కనిపించింది. ఊపిరి లెక్కపెట్టుకుంటోంది. చాలాసేపటికి లేచి, గౌను మోకాళ్ల దగ్గర బురద దులుపుకుని, కింద పడ్డ క్లిప్పు ఎడమచేత్తో ఏరి, మిగిలిన దుప్పటి ఆరేసింది.

చుట్టుపక్కల ఎవరూ లేరు. కంచె మీద ఒక సముద్రకాకి తప్ప ఆ పెరట్లోకి చూసేవాళ్లు లేరు. ఎవరికోసం నటిస్తుంది?

ఐరిస్ పెనం చంకలో పెట్టుకుని వచ్చిన దారినే తిరిగి నడిచింది. మొదట నడిచింది, తర్వాత పరుగెత్తింది. వంటగది అరలో పిండి డబ్బా కింద ఆమె నర్సింగు పుస్తకాలున్నాయి. చెయ్యి గురించిన అధ్యాయం తెరిచింది. కాలిన చేతులు, తెగిన నరాలు, గోరుచుట్టు. అన్నీ ఆమెకి తెలిసినవే. పుట చివర, చిన్న అక్షరాల్లో, సెయింట్ జాన్స్ పట్నంలో నర్సింగు చదువుకునే రోజుల్లో తన చేత్తోనే పెన్సిలుతో రాసుకున్న వాక్యం కనిపించింది. మేట్రన్ చెప్పిన మాట అది. ఆవిడ మాటలన్నీ అప్పట్లో నవ్వుకోడానికే రాసుకునేవాళ్లు.

"చలికి ఏడ్చే వేలిని కళ్లతో చూడకండి, పిల్లలూ. గుండుసూదితో చూడండి." దాని కింద ఇంకో పుట సంఖ్య రాసుంది. ఐరిస్ ఆ పుట తీసింది.

*

బుధవారం పొద్దున ఎఫీ క్లినిక్కి వచ్చి కోటు విప్పకుండానే కూర్చుంది.

"నువ్వు రమ్మన్నావని లియాండర్ చెప్పాడు. చీటీ గురించైతే ఏమీ అనకమ్మాయ్. నువ్వు చూసింది నువ్వు రాశావు."

"నేను చూడలేదత్తా. అదే నా తప్పు. ఇవాళ చూస్తాను. కొంచెం నొప్పెడుతుంది, ఒప్పుకుంటారా?"

"నాలుగేళ్లుగా ఒప్పుకుంటూనే ఉన్నా."

ఐరిస్ ముందు తన రెండు అరచేతుల్నీ రేడియేటరు మీద పెట్టి వెచ్చచేసుకుంది. ఎఫీ చెయ్యి దిండు మీద పెట్టి, కిటికీ వెలుగులోకి తిప్పింది. పని చేసే చెయ్యి. గీతల్లో ఉప్పు తెల్లగా నిలిచిపోయింది. ఉంగరపు వేలి గోటికీ మిగిలిన వాటికీ తేడా ఏమీ లేదు. కాదు, ఉంది. పక్కవాటుగా చూస్తే, గోటి కింద, మొదలుకి కాస్త పైన, నీలిరంగు ఛాయ. పలచటి సిరా మరక కడిగేస్తే మిగిలినంత.

గుండుసూది తిరగేసి పట్టుకుంది. దాని గుండ్రటి తలతో వేలి కొసన నొక్కింది.

"ఇక్కడ?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదే."

గోటి అంచున. గోటి మధ్యన. ఎఫీ విసుగ్గా, "ఇదేం ఆటమ్మాయ్, నువ్వు పొడుస్తుంటే నేను..." అంటోంది. సూది తల ఒక్క పిసరు కిందికి జరిగింది.

ఎఫీ అరిచింది. కుర్చీ వెనక్కి పడింది. బయట వరండాలో ఎదురుచూస్తున్నవాళ్ల మాటలు ఠక్కున ఆగిపోయాయి.

"క్షమించండత్తా, క్షమించండి. ఇంకోటి చెయ్యాలి. ముందు ఒక్క క్షణం నొప్పెడుతుంది, తర్వాత తగ్గాలి. ఇది పుస్తకంలో ఉంది, నేనెప్పుడూ చూడలేదు."

ఎఫీ కళ్లు తుడుచుకుని కుర్చీ తనే లేపి కూర్చుంది. ఐరిస్ గిన్నెలోంచి చిన్న మంచుముక్క తీసి ఆ గోటికి ఒక్క క్షణం తాకించింది. వేలి నుంచి మోచేతి దాకా నొప్పి పాకడం ఎఫీ మొహంలో కనిపించింది. వెంటనే ఆమె చెయ్యి పైకెత్తించి, పైచేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొట్టింది. కొడుతూనే ఉంది. పాదరసం పైకెక్కింది. చెయ్యి పాలిపోయింది.

గదిలో రేడియేటరు టకటకలాడుతోంది. ఎఫీ బిగబట్టిన దవడ మెల్లిగా వదులైంది. కనుబొమలు పైకి లేచాయి. గది మూలలో ఎవరో తనని పేరు పెట్టి పిలిచినట్టు తల పక్కకి వాల్చి వింది.

"ఆగిపోయింది," అంది.

"ఏమిటి?"

"నొప్పి. లేదు." ఎడమచేత్తో ఆ గోటిని తాకి చూసుకుంది. మళ్లీ నొక్కింది. కుర్చీ చేతి మీద తలుపు తట్టినట్టు టక్ టక్ కొట్టింది. "అయ్యో దేవుడా. చూడు. లేదు!" నవ్వుతోంది. కళ్లలోంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, వాటిని పట్టించుకోవడం లేదు. ఆ నవ్వు చూసి ఐరిస్ కూడా నవ్వేసింది, ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

"ఇక వదలాలత్తా. ఎక్కువసేపు ఉంచితే చేతికి మంచిది కాదు."

"ఇంకొక్క క్షణం," అంది ఎఫీ. "నీకు పుణ్యముంటుంది, ఇంకొక్క క్షణం ఉండనీ."

ఐరిస్ గోడ గడియారం చూస్తూ ఆమె అడిగిన క్షణమూ ఇచ్చి, మెల్లిగా గాలి వదిలింది. నొప్పి తిరిగొచ్చింది. ఈసారి దానికో చోటుంది.

"అత్తా, ఇది సీల్ వేలు కాదు. నటన అసలే కాదు. గోటి కింద చిన్న గడ్డ ఉందనుకుంటున్నాను. చలికీ వేడికీ రక్తాన్ని సర్దే చిన్న ముడులుంటాయి వేళ్లలో, వాటిలో ఒకటి పెరిగి ఉంటుంది. చాలా అరుదు. గ్లోమస్ అంటారు."

"గడ్డా?" ఎఫీ నవ్వు ఆగింది. "అంటే..."

"మీరనుకునేది కాదు. ఇవి దాదాపు ఎప్పుడూ హాని చేసేవి కావు. తీసేస్తే పోతుంది. గడ్డని, వేలిని కాదు."

ఎఫీ తన వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత ఐరిస్ వైపు చూసింది. "శుక్రవారం రెండింటికి రమ్మన్నాడే ఆ డాక్టరు. సంతకం కూడా పెట్టేశాను," అంది.

*

గురువారం పొద్దున ఫోనులో డాక్టర్ మెర్సర్ గొంతు దూరంగా, గరగరగా వినిపించింది.

"నర్సుగారూ, ఎక్స్‌రే తీశాం. ఏమీ లేదు. నాలుగేళ్లుగా బాధ. ఆవిడే తీసెయ్యమని బతిమాలింది. ఈ తీరంలో ఇది కొత్త కాదు."

"ఎక్స్‌రేలో మెత్తటి గడ్డ కనపడకపోవచ్చండి. మీరు గుండుసూదితో నొక్కారా?"

తను హద్దు దాటిందేమో అనుకుంది ఐరిస్. ఇరవైమూడేళ్ల నర్సు, ముప్ఫై ఏళ్ల అనుభవమున్న డాక్టరు.

"ఏ చోట?" అన్నాడాయన.

"గోటి మొదలుకి రెండు మిల్లీమీటర్ల పైన. ఒక పిసరు పక్కన నొక్కితే ఏమీ లేదు. పట్టీ బిగిస్తే నొప్పి మాయమైంది. నీలిరంగు ఛాయ కూడా ఉంది."

కుర్చీ కిర్రుమన్న చప్పుడు. "నేను చదువుకునేటప్పుడు ఒక్కటే చూశాను," అన్నాడు, మునుపటికంటే నెమ్మదిగా. "వెంటనే కత్తి పట్టను. ముందు మీ సూదితో చూస్తాను. మీరు కూడా రండి."

శుక్రవారం లియాండర్ ట్రక్కులో ముగ్గురూ వెళ్లారు. మంచు గాలి తగలకుండా ఎఫీ దారంతా చెయ్యిని బంగాళాదుంపల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఐరిస్ రెండు ఉడికించి పెట్టింది, మార్చుకోడానికి. ఒకటి చల్లారాక లియాండర్ దాన్ని ఒలుచుకుని తినేశాడు. "వైద్య పరికరం తిన్నావు కదరా," అని ఎఫీ తిట్టింది.

డాక్టర్ మెర్సర్ సూది తల ఒక్కసారే నొక్కాడు. ఎఫీ అరుపు విని, పక్కకి తిరిగి సంతకం చేసిన కాగితాన్ని తనే రెండుగా చించాడు. వేలికి మొద్దుబార్చే సూది వేసి, మొదట్లో రబ్బరు పట్టీ బిగించి, గోరు లేపి, దాని కింది మెత్తటి చర్మాన్ని వెంట్రుకంత గీటు పెట్టి తెరిచాడు. ఐరిస్ దీపం పట్టుకుంది. అక్కడుంది. గులాబీ రంగులో, గుండ్రంగా, చుట్టూ తేటగా విడిపోతూ. ఆయన దాన్ని పెంకులోంచి పీత మాంసం తీసినంత జాగ్రత్తగా, చిదమకుండా, మొత్తంగా ఎత్తి చిన్న సీసాలో వేశాడు.

"ముక్క మిగిలితే మళ్లీ వస్తుంది. మిగల్లేదనే అనుకుంటున్నాను," అన్నాడు. "పరీక్షకి పంపుతాను. చెడ్డదని నేననుకోను."

ఎఫీ తల లేపి సీసాలోకి చూసింది. "ఇదా?" అంది. ఇంకా వెతుకుతున్నట్టు సీసా చుట్టూ చూసింది. "ఇంతేనా?"

డాక్టరు నవ్వలేదు. "దీనికోసం మీ వేలు తియ్యబోయాను, మిసెస్ పార్డీ," అన్నాడు. "నేను కూడా చూడలేదు."

*

మూడు వారాలకి పరీక్ష ఉత్తరం వచ్చింది. హానికరం కాని గడ్డ, పూర్తిగా తొలగించారు. ఆ సోమవారం పదిగంటలకి ఎఫీ భోజనాల గదికి దుంప లేకుండా వచ్చింది. గోరు ఇంకా మొదట్లో కాస్తే మొలిచింది. బల్ల మీది మిరియాల డబ్బా మూత తిప్పి, ఒక్క మిరియం గింజ తీసి, అందరి కప్పుల మధ్య పెట్టింది.

"ఇంత," అంది. తన టీ తాగింది.

ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు. ఒకామె గింజని వేలితో దొర్లించింది. సెల్బీ గుమ్మంలోంచి చూసి, నోటీసు బోర్డు దగ్గరికెళ్లి, చీటీ ఊడబీకి జేబులో కుక్కుకున్నాడు. పెర్ల్ ఆ గింజని తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. ఏదో అనబోయింది. దగ్గు వచ్చింది. ఆగలేదు.

మర్నాడు క్లినిక్ తలుపు దగ్గర పెనుగులాట వినిపించింది. ఎఫీ పెర్ల్‌ని మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొస్తోంది.

"నాకేం లేదు," అంది పెర్ల్. "దీని గోల పడలేక వచ్చా."

"ఏం లేదట! ఏమే, రాత్రుళ్లు కుర్చీలో కూర్చుని పడుకుంటుందమ్మాయ్. గంగాళం మూత తెరిచి ఆవిరి మొహాన కొడితే చాలు, దీనికి ఊపిరాడదు. ఆదివారాల్లో ఏమీ ఉండదు, సోమవారం వచ్చేసరికి మొదలు. మూడేళ్ల నుంచట. నిన్న బాత్‌రూములో కక్కించా నిజం."

"మూడేళ్లా?" అంది ఐరిస్. "చెప్పలేదేం?"

పెర్ల్ చేతి తొడుగులు మెలిపెడుతోంది. "ఈ ఏడు చెబుదామనుకున్నా. ఏప్రిల్లో నీ మెట్ల దాకా వచ్చాను కూడా. అంతకు ముందురోజే ఎఫీ చీటీ గోడెక్కింది." కళ్లెత్తలేదు. "అమ్మ ఇచ్చిన చోటు. వద్దంటే నన్నేమంటారు? దీన్ని రాణీ అన్నది నేనే కదా."

ఎఫీ ఆమె వైపు తిరిగింది. మొహంలో ఏదో మెల్లిగా తేలింది.

"అంటే నాకు వెచ్చటి చోటు కావాలని నేను చస్తుంటే, నీకు చల్లటి చోటు కావాలని నువ్వు చస్తున్నావా? ఒసేయ్ పెర్ల్! నలభై అడుగుల దూరంలో!"

పెర్ల్ నవ్వబోయి దగ్గింది. దగ్గుతూ నవ్వింది. ఎఫీ ఆమె వీపు నిమిరింది. ఆ నిమిరే చెయ్యి కుడిచెయ్యే, అయిదు వేళ్లూ చాచి.

ఐరిస్ బల్ల మీద చీటీల పుస్తకం తెరిచే ఉంది. కలం చేతిలోకి తీసుకుంది, దానికి మూత పెట్టి పక్కన పెట్టేసింది. స్టెతస్కోపు బిళ్లని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, అది వెచ్చబడేదాకా ఆగింది.

"కూర్చోండి పెర్ల్," అంది. "ముందు మీరు చెప్పండి. ఎక్కడ మొదలవుతుంది?"